ఒక గంట ఎక్కువ

చలికి మనుషులకి జలుబు చేస్తుంది గానీ బ్యాటరీలకి చెయ్యదని భాస్కరం మాస్టారికి చెప్పగల మొనగాడు నిడదవోలు మొత్తమ్మీద లేడు. చెప్పగల మనిషి ఒకావిడ ఆయన ఇంట్లోనే ఉంది. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఆవిడ మానేసింది.

"లక్ష్మీ, ఎర్ర రగ్గు ఎక్కడ పెట్టావ్?" అన్నాడాయన పొద్దున్నే, మంకీ క్యాపులోంచి.

"ఎవరికండీ?"

"బ్యాటరీలకి."

సీతారామలక్ష్మి పోపులడబ్బా మూత పెట్టి మొగుడివైపు చూసింది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో తనకి జ్వరమొచ్చినప్పుడు ఆ రగ్గు ఎక్కడుందని ఆయన ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. "బీరువా పైనుంది తీసుకోండి. పన్లోపని వాటికి కాసిని మిరియాల పాలు కూడా కాచమంటారా?" అంది.

ఆయన విననట్టే రగ్గు దులుపుకుంటూ వసారాలోకి వెళ్ళాడు.

వసారా మూల రెండు బ్యాటరీలున్నాయి. మూడేళ్ళ కిందట మేడమీద సోలారు పలకలు వేయించినప్పుడు పెట్టించినవి. పగలు ఎండకి నిండాలి, రాత్రంతా ఇంట్లో దీపాలూ ఫ్రిజ్జూ నడపాలి, మర్నాడు ఎండ వచ్చేదాకా ఆగాలి. మధ్యలో అయిపోతే ఇన్వర్టరు కుయ్ కుయ్ మని అరిచి వీధి కరెంటుకి మారుతుంది. మూడేళ్ళూ ఏ గొడవా లేకుండా నడిచింది. ఈసారి ధనుర్మాసం పట్టిన దగ్గర్నుంచీ తెల్లారి ఆరున్నరకే కుయ్ కుయ్ మొదలవుతోంది. వీధి కరెంటుంటే అదీ పట్టించుకోనక్కర్లేదు. కానీ వీధిలో పాత తీగలు మారుస్తున్నారు. పది రోజులపాటు పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఐదుదాకా సరఫరా ఉండదని ఆటోలో మైకు పెట్టి చెప్పి వెళ్ళారు. మంచు చూస్తే పదిన్నరకి గానీ విడవడం లేదు. స్టేషన్లో ఏ రైలు ఎన్ని గంటలు ఆలస్యమో చెప్పే గొంతు మాత్రం ఇంట్లోకి శుభ్రంగా వినిపిస్తుంది. ఎండ మొహం కనపడేదాకా ఆ ఇంట్లో మిక్సీ లేదు, నీళ్ళ మోటారు లేదు, పట్టుమని పది నిమిషాలు ఫోను చార్జింగు లేదు.

అదంతా ఒక ఎత్తు, మాస్టారి పరిశోధన ఒక ఎత్తు. ముప్ఫై మూడేళ్ళు హైస్కూలు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, తనకి తెలియదన్న మాట ఆయన నోట రాదు. మొదటిరోజు చలి అన్నాడు, గోనెసంచులు చుట్టాడు. రెండోరోజు పక్కింటి చంద్రరావుగారి కొబ్బరిచెట్టు అన్నాడు. ఈ కాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి చెట్టునీడ పలకల మీద పడుతోంది, కొట్టించెయ్యమని అడగడానికి ఏకంగా వాళ్ళింటికే వెళ్ళాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన చంద్రరావుగారు, "ఎండే లేందే నీడెక్కణ్ణుంచి వచ్చిందండీ మాస్టారూ?" అని కాఫీ ఇచ్చి పంపించాడు. మూడోరోజు, గురువారంనాడు, ఇదిగో ఈ రగ్గు.

"చల్లబడితే లోపల రసాయన చర్య మందగిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు," అంటున్నాడు ఆయన, రగ్గు కొసలు బ్యాటరీల కిందకి దోపుతూ.

సీతారామలక్ష్మి ఆ పాఠం వినడం లేదు. ఆవిడ బెంగ ఆవిడది. ధనుర్మాసం నెల్లాళ్ళూ తెల్లవారుజామున తలస్నానం చేసి గుడికి వెళ్ళడం అలవాటు. ఇన్నేళ్ళూ గ్యాసు మీద నీళ్ళు కాచి పెరట్లో స్నానాలగదికి మోసుకెళ్ళేది. ఈ ఏడు మోకాలు మొరాయించింది. సామర్లకోట నుంచి వచ్చిన చెల్లెలు ఆ అవస్థ చూసి, బకెట్లో ముంచే హీటరు కడ్డీ కొని ఇచ్చి వెళ్ళింది. అలాంటివి ఇన్వర్టరు లైను మీద పెడితే ఊరుకోనని మాస్టారు ఏనాడో హుకుం జారీ చేశాడు. స్నానాలగదిలో ప్లగ్గు ఆ లైనుదే. ఆయన లేచేది ఆరింటికి కదా అని నాలుగింటికే కడ్డీ పావుగంట పెట్టి, తీసి, తుడిచి, బీరువాలో చీరల మధ్య దాచేస్తోంది. కడ్డీ మొదలైందీ ఇన్వర్టరు అరవడం మొదలైందీ ఒకే రోజు. అది తలుచుకుంటే ఆవిడకి అంత చలిలోనూ చెమట పడుతోంది.

ఆ మధ్యాహ్నం రెండింటికి ఇన్వర్టరు తెర మీద 'ఫుల్' అని పడింది. మాస్టారు ఆ తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"చూశావా? నిండింది. నిండినట్టు అదే చెబుతోంది. నిండింది తెల్లారేసరికి ఖాళీ అవుతోందంటే అర్థమేంటి?"

"ఏంటండీ?"

"మధ్యలో ఎవరో లాగేస్తున్నారు."

ఆవిడ చేతిలో చాట చేతిలోనే ఉండిపోయింది. వడియాలకి తరిగిన బూడిదగుమ్మడి ముక్కలు నీరు కారుతున్నాయి. చెప్పేద్దామనుకుంది. రెండు తిట్లు తింటే పోతుంది. కానీ ఈయన రెండు తిట్లతో వదిలే రకం కాదు. కడ్డీని పట్టుకెళ్ళి చంద్రరావుగారికి చూపించి, గుడి పూజారికి చూపించి, వచ్చే ధనుర్మాసం దాకా చెబుతూనే ఉంటాడు. రేపు చెబుదాంలే అనుకుంది.

అంతలో మాస్టారి ముక్కుపుటాలు కదిలాయి. "ఇస్త్రీ వాసన," అంటూ లేచాడు.

ఇంటి ప్రహరీలోనే వీధివైపు ఒక గది ఉంది. తబిత అనే ఆవిడ నాలుగేళ్ళుగా దాన్ని అద్దెకి తీసుకుని బట్టలు కుడుతోంది. గదికి కరెంటు ఇంటి లైనులోంచే వెళుతుంది. ఒక ట్యూబులైటు, మిషను మోటారు, అంతవరకే అని ముందే మాట. క్రిస్మస్‌కి చర్చిలో పాడే ఆడపిల్లలకి ఇరవై ఆరు తెల్ల గౌన్లు కుట్టే పని ఈ ఏడు ఆవిడకి వచ్చింది. పొడుగు చేతులు, మెడ దగ్గర కుచ్చులు, అన్నీ ఒక్క తీరుగా ఉండాలి. మంగళవారం సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఇవి బాగా కుదిరితే ఏడాది పొడుగునా చర్చివాళ్ళ కుట్టుపని అంతా ఆవిడకే ఇస్తామన్నారు. ఆ సంగతి తబిత వారం కిందట సీతారామలక్ష్మికి సంబరంగా చెప్పుకుంది కూడా.

మాస్టారు వెళ్ళేసరికి పాటల గుంపు చూసుకునే సత్యవాణి అక్కడే ఉంది. కుట్టడం అయిపోయిన గౌను ఒకటి ఎత్తిపట్టుకుని అంచు చూస్తోంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కొలతలకి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"తబితా, ఇస్త్రీపెట్టె ఎప్పుడు కొన్నావ్?"

"ఎప్పుడోదండి. బొగ్గుల పెట్టెండి మాస్టారండీ," అంటూ ఆవిడ బల్లకింద చూపించింది. కొబ్బరిచిప్పల నిప్పులతో ఇత్తడి పెట్టె అక్కడ కనబడుతూనే ఉంది. మాస్టారు బల్లకింద చూడలేదు, గోడకున్న ప్లగ్గుల వైపు చూశాడు.

"మరి ఇదేంటి, రెండో ప్లగ్గు?"

"ఫోను చార్జరండి."

"ఫోను చార్జరుకి మొత్తం బ్యాటరీ అయిపోతుందా? నేనేమన్నా వెర్రివాణ్ణనుకున్నావా? మూడు రోజుల్నుంచి ఇల్లంతా చీకట్లో కూర్చుంటే ఇక్కడ ఇస్త్రీలు! ఇంట్లో చోటిచ్చిన పాపానికి దొంగకరెంటు వాడతావా?"

గుమ్మంలో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సత్యవాణి చేతిలో గౌను మెల్లగా మడతపెట్టింది. తబిత మెడలోని కొలతల టేపు తీసి చేతికి చుట్టుకుంటూ, "నేనలాంటిదాన్ని కాదండి. నాలుగేళ్ళ నుంచి చూస్తన్నారు కదండీ," అంది. గొంతు పెంచలేదు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు.

సీతారామలక్ష్మి చాటతోనే వసారా మెట్టు దిగి నిలబడింది. "ఏవండీ," అంది.

"ఏంటి?"

ఆయన తిరిగి చూశాడు. తబితా చూసింది. సీతారామలక్ష్మికి మాట నాలిక చివరిదాకా వచ్చింది. అందరి ముందూ ఇప్పుడు చెబితే ఆయన పరువేం కాను, తన పరువేం కాను?

"అన్నం చల్లారిపోతోంది," అంది.

మాస్టారు వసారాలోకి వచ్చి గది లైను స్విచ్చి టక్కున దించేశాడు.

ఆ సాయంత్రం తబిత మిషనుకున్న మోటారు విప్పేసింది. కింద పాత కాలి తొక్కుడు అలాగే ఉంది. దానికి పట్టిన దారప్పీచు కత్తెర మొనతో గీకింది, కిరోసిన్ గుడ్డతో తుడిచి నూనె వేసింది, బజారుకెళ్ళి తోలు బెల్టు తెచ్చి, కొసలకి కన్నాలు పొడిచి కొక్కెం తగిలించింది. మోటారు మీద రోజుకి నాలుగైదు గౌన్లు లేచేవి. కాలితో తొక్కితే మూడు గగనం. పద్నాలుగు పూర్తయ్యాయి, ఇంకా పన్నెండు ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నుంచీ ఆ టకటక ఇంట్లోకి వినబడుతూనే ఉంది. మోటారు ఉన్నప్పుడు అంత చప్పుడు ఉండేది కాదు. మధ్యలో ఆగుతుంది, ఒక నిట్టూర్పు వినబడుతుంది, మళ్ళీ మొదలవుతుంది. సీతారామలక్ష్మి ఆ చప్పుడు వినలేక టీవీ పెడదామనుకుంటే కరెంటు లేదు. ఆ రోజు కూడా ఇన్వర్టరు ఆరున్నరకే అరిచింది. తబిత లైను పీకేశాక కూడా అరిచిందంటే తబిత తప్పు లేనట్టేగా, ఆ ఒక్క ముక్క ఈయన బుర్రకి ఎక్కదేం? ఆవిడే ఉండబట్టలేక అడిగింది.

"లైను తీసేసినా ఆరున్నరకే అయిపోయిందిగా అండీ?"

"ఒక్కరోజులో ఎలా తెలుస్తుంది? బ్యాటరీ కోలుకోవద్దూ?" అన్నాడు మాస్టారు, రగ్గు మీద పాత దుప్పటి ఇంకొకటి కప్పుతూ. టైఫాయిడ్ తగ్గిన పిల్లాణ్ణి చూసుకుంటున్నట్టే ఉంది వాలకం.

ఆవిడకి ఒళ్ళు మండింది. ఆయన మీదా, ఆ పెట్టెల మీదా, వాటితోపాటు తన మీద కూడా. చివరికి ఒక దారి తోచింది. చెప్పే ధైర్యం ఎలాగూ లేదు, కనీసం కడ్డీ పెట్టడం మానేస్తే సరి. బ్యాటరీ కాస్త నిలుస్తుంది, ఈయన చల్లబడతాడు, తబిత లైను వెనక్కి వస్తుంది. ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. శనివారం నాలుగింటికి లేచి గ్యాసు మీదే నీళ్ళు కాచుకుంది. గిన్నె మోస్తుంటే మోకాలు కలుక్కుమంది. పడవలసిందే అనుకుని పళ్ళ బిగువున మోసింది.

ఆ రోజు ఇన్వర్టరు ఏడున్నరకి అరిచింది.

మాస్టారు గడియారం చూసుకుని వసారాలోంచి కేక పెట్టాడు. "లక్ష్మీ! గంట ఎక్కువ! సరిగ్గా ఒక గంట ఎక్కువ నిలిచింది!"

ఆవిడ వంటింట్లోంచి నవ్వుమొహంతో వచ్చింది. తన ఉపాయం పారిందనుకుంది. "మంచిదేగా అండీ. ఇంక ఆ తబిత లైను..."

"అదే చెబుతున్నా! లైను తీశాక గంట పెరిగింది. ఇంతకంటే రుజువేం కావాలి? ఆ అమ్మాయే లాగేసిందని ఇప్పుడు లెక్కతో సహా తేలిపోయింది."

ఆవిడ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, ఎలా తీసెయ్యాలో తెలియలేదు. మాస్టారు అప్పటికే చెప్పులేసుకున్నాడు. పాలు పోసే మనిషికి చెప్పాడు. ప్రహరీ మీద నుంచి చంద్రరావుగారికి చెప్పాడు. కూరల బండి దగ్గర నిలబడ్డ నలుగురికీ, రుజువు లేకుండా తను ఎవర్నీ ఏమీ అననని, మొదట్నుంచీ తనది శాస్త్రీయ దృక్పథమని విడమర్చి చెప్పాడు. కూరలవాడు చిక్కుడుకాయలు తూచడం ఆపి మరీ విన్నాడు.

పదకొండింటికి సీతారామలక్ష్మి గ్లాసుడు కాఫీ పట్టుకుని గదికి వెళ్ళింది. తబిత తొక్కుడు ఆపి, కుడికాలు చాపి పిక్క నొక్కుకుంటోంది. ఒళ్ళో తెల్లబట్ట నేలకి తగలకుండా పాతచీర పరుచుకుంది. మంచులో వెలుతురు చాలక మిషను గుమ్మంలోకి లాక్కుంది. వీధిలో పోయేవాళ్ళంతా ఆవిణ్ణి చూస్తూ పోతున్నారు.

"ఎన్నయ్యాయి?"

"పద్దెనిమిదోది అవుతోందండి." కాఫీ తీసుకుంది గానీ తాగలేదు. "అమ్మగారండీ, నేను తీసేశాక గంట పెరిగిందంట కదండీ. నాకేం అర్థం కాలేదండి. ఆ చార్జరు కూడా రోజూ పెట్టలేదండి. నా వల్లే అయితే ఒప్పేసుకుందును."

"అబ్బే, నీవల్ల కాదు," అంది సీతారామలక్ష్మి గబుక్కున.

"మరెవరి వల్లండీ?"

"చలికి. ఆయన మాటలు పట్టించుకోకు," అని గ్లాసు కోసం ఆగకుండా వచ్చేసింది.

ఆదివారం తబిత చర్చికి వెళ్ళొచ్చి మధ్యాహ్నం నుంచి తొక్కింది. సోమవారం పొద్దున్న సత్యవాణి వచ్చింది. అప్పుడు సీతారామలక్ష్మి నాలుగు రోజులుగా ఎండక, బూజు పట్టేటట్టున్న వడియాల బట్టని ప్రహరీ మీద అటూ ఇటూ జరుపుతోంది. మంచు ఇంకా విడవలేదు. గది కిటికీ అక్కడికి పది అడుగులు.

"గౌన్లు బాగా వచ్చాయి తబితా, అందులో పేరు పెట్టడానికేం లేదు," అంటోంది సత్యవాణి. "ఇవి తీసుకుంటాం. ఏడాది పని సంగతి మాత్రం నాకు చెప్పాలంటే ఇబ్బందిగా ఉంది. మాస్టారుగారు ఊరికే అనే మనిషి కాదంటున్నారు సంఘంలో పెద్దలు. రుజువైందంట కదా."

"మీరు నన్ను నమ్ముతున్నారాండి?"

సత్యవాణి చేతిలో స్కూటీ తాళంచెవి తిప్పుకుంది. "నా ఒక్కదాని మాట కాదమ్మా. చర్చి పని కదా, ఇలాంటి పేరు వచ్చాక..." అని ఆగిపోయింది. "రేపు సాయంత్రం వస్తాను."

స్కూటీ వెళ్ళిపోయాక కాసేపు మిషను చప్పుడు రాలేదు. తరవాత మళ్ళీ టకటక మొదలైంది, ముందుకంటే జోరుగా. సీతారామలక్ష్మి వడియం ఒకటి చేత్తో తీస్తే బట్టకి అతుక్కుని ముద్దగా ఊడింది. నాలుగేళ్ళ పరిచయం, ఏడాది తిండి, ఒక మనిషి పేరు. తను చేసిందేమిటంటే, అన్నం చల్లారిపోతోందని చెప్పింది. ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ రాత్రి కూడా భర్త పక్కన కూర్చుని అన్నం తింది, చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి రాజమండ్రి నుంచి గణేష్‌బాబు వచ్చాడు. సోలారు బిగించిన మెకానిక్కు అతనే. మాస్టారు తన పరిశోధనలో చివరి అంకంగా, మిగిలిన లోపం ఏదో చూసిపొమ్మని కబురు పెట్టాడు. చంద్రరావుగారు కూడా తమాషా చూడటానికి వచ్చి వసారా బెంచీ మీద కూర్చున్నాడు.

గణేష్‌బాబు బ్యాటరీల ముందు నిలబడి, రగ్గునీ, దుప్పటినీ, గోనెసంచుల్నీ వరసగా చూశాడు. "ఏంటండీ మాస్టారూ, సీమంతం చేశారాండి వీటికి?"

"చలి తగలకుండా."

"మూతల్లోంచి గ్యాసు పోవాలండి బాబూ! ఇలా కప్పేస్తే ఏ నిప్పురవ్వో పడ్డప్పుడు రగ్గుతో సహా లేచిపోద్దండి." గబగబా అన్నీ తీసి అవతల పడేశాడు. మూత ఒకటి విప్పి, రబ్బరు బుడ్డి నొక్కి, గాజుగొట్టంలోకి బ్యాటరీ నీళ్ళు లాగాడు. లోపల తేలాల్సిన బెండు అడుక్కి దిగిపోయింది. మిగతా మూతలు విప్పి చూసినా అంతే.

"ఇది నిండట్లేదండి. సగంలో ఆగిపోతంది."

"రెండింటికల్లా ఫుల్ అని చూపిస్తోందయ్యా!"

"మనం ఎక్కడ ఆగమంటే అక్కడ ఫుల్ అంటదండి అది." ఇన్వర్టరు బొత్తాలు నాలుగు నొక్కి తెరలోకి వంగి చూశాడు. "ఇరవై ఏడు వోల్టులు. నేను పెట్టింది ఇరవై తొమ్మిదికి దగ్గరండి. ఎవరు తగ్గించారు?"

మాస్టారు మంకీ క్యాపు పైకి తోసుకున్నాడు.

"మే నెల్లో ఫోన్ చేశారు, గుర్తుందాండి?" అన్నాడు గణేష్‌బాబు. "ఎండలకి బ్యాటరీ నీళ్ళు తెగ తాగేస్తంది, చార్జింగ్ వోల్టేజి తగ్గించనా అని. తగ్గించండి, చల్లబడ్డాక మర్చిపోకుండా పెంచండన్నాను. వేడికి తక్కువలోనే నిండిపోద్దండి. చలికి ఇంకాస్త ఎక్కువ ఇస్తే గానీ నిండదు. కార్తీకం నుంచే సగం సగం నిండుతా ఉండుంటది. అప్పుడు మంచు లేక పొద్దున్నే ఎండొచ్చేది కాబట్టి తెలిసుండదు. మీకు నేను చెప్పాలాండి ఇది?"

చంద్రరావుగారు దగ్గు వచ్చినట్టు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కడ్డీ కాదు. సీతారామలక్ష్మికి మొట్టమొదట తోచింది ఆ రెండు ముక్కలే. నా వల్ల కాదు. గుండెల మీంచి బండ దిగినట్టయి ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్నాక అప్పుడు గుర్తొచ్చింది తబిత. ముందు తను గుర్తొచ్చి, తరవాత తబిత గుర్తొచ్చినందుకు ఆవిడ చెవులు వేడెక్కాయి. గదిలోంచి మిషను చప్పుడు వస్తూనే ఉంది.

మాస్టారు తేరుకోవడానికి అరనిమిషం కంటే పట్టలేదు. "అంటే నేను మొదటిరోజు చెప్పిందే కరెక్టన్నమాట. చలే కారణం!" అన్నాడు.

"మరి తబిత?" అంది సీతారామలక్ష్మి.

"ఇచ్చేద్దాంలే లైను, పాపం. పండగ రోజులు."

"పాపమా?"

"అంటే, పూర్తిగా ఆ అమ్మాయి వల్ల కాదు, ఒప్పుకుంటా. అలాగని అసలు లాగలేదనీ కాదు. లైను తీశాక గంట పెరిగిందా లేదా? ఆ గంట ఎక్కణ్ణుంచి వచ్చింది? లెక్క లెక్కే."

"ఆ గంట నాది," అంది సీతారామలక్ష్మి.

వసారాలో ముగ్గురు మగవాళ్ళూ ఆవిడవైపు తిరిగారు.

"నాలుగింటికి స్నానాలగదిలో హీటరు కడ్డీ పెట్టాను. ధనుర్మాసం మొదలైన రోజు నుంచీ పెట్టాను. శనివారం మానేశాను. అందుకని గంట పెరిగింది. తబితకీ దానికీ ఏ సంబంధమూ లేదు."

మాస్టారు నోరు తెరిచి, ఎంతో అవసరమైన ప్రశ్న అడుగుతున్నట్టు, "ఎన్ని వాట్లు?" అన్నాడు.

"వెయ్యో ఏదో. మీ లెక్కలు తరవాత చేసుకోండి."

ఆయన పెదవులు అప్పటికే లెక్క కడుతున్నాయి. పావుగంట, వెయ్యి వాట్లు, తెల్లవారుజామున ఇంటి వాడకం ఎంత. లెక్క సరిపోయినట్టుంది, మొహం పాలిపోయింది. "మరి అప్పుడే చెప్పొచ్చు కదా?" అన్నాడు.

"మీరు చెప్పనిస్తేనా?" అంది ఆవిడ. అంటూనే అది అబద్ధమని తెలిసిపోయింది. ఆయన చెప్పనిచ్చాడు. తిరిగి చూసి, "ఏంటి?" అని కూడా అడిగాడు. "లేదు. అడిగారు మీరు. నేనే చెప్పలేదు."

గణేష్‌బాబు తెరవైపు తిరిగి బొత్తాలు నొక్కుకుంటూ ఉండిపోయాడు. మాస్టారు లేచి గది లైను స్విచ్చి తనే పైకెత్తాడు.

సీతారామలక్ష్మి వెళ్ళేసరికి గదిలో ట్యూబులైటు వెలిగి ఉంది. తబిత లేచి దాని స్విచ్చి కట్టేసి వచ్చి, మళ్ళీ గుమ్మంలో మిషను ముందు కూర్చుంది. మోటారు బల్లకింద ఒక సంచిలో కట్టి ఉంది. ఇరవై ఐదు గౌన్లు తాడు మీద వేలాడుతున్నాయి. చివరిది మిషను మీద ఉంది, అంచు కుట్టడం మిగిలింది.

"లైను ఇచ్చారు తబితా. మోటారు బిగించుకో."

"ఇంకెంతండీ, అయిపోయింది."

సీతారామలక్ష్మి గుమ్మం పక్కన నిలబడే అంతా చెప్పింది. వోల్టేజి సంగతి, మే నెల సంగతి, కడ్డీ సంగతి, గంట సంగతి. చెబుతున్నంతసేపూ తబిత తొక్కుడు ఆపలేదు. అంచు పక్కకుట్టు దగ్గరికి వచ్చాక సూది దింపి, మిషను పాదం ఎత్తి, బట్ట సర్దింది.

"అంటే గురువారం మీరు మెట్టు దిగినప్పుడు మీకు తెలుసాండి?"

"కడ్డీ వల్లనే అనుకున్నాను. తెలుసు."

తబిత దారం తెంపింది. "మాస్టారుగారు తెలీక అన్నారండి," అంది.

మిగతా సగం అనలేదు. అనకపోయినా సీతారామలక్ష్మికి వినబడింది. "హుక్కులు నేను కుట్టి పెట్టనా?" అంది, ఏదో ఒకటి చెయ్యాలని.

"వద్దండి. కుట్టేశాను."

వెళ్ళిపొమ్మని తబిత అనలేదు, కూర్చోమనీ అనలేదు. ఆవిడ అక్కడే నిలబడింది. సాయంత్రం వస్తానన్న సత్యవాణి నాలుగింటికే వచ్చింది. ఆ మధ్యలో సీతారామలక్ష్మి ఒక్కసారి మాత్రం ఇంట్లోకి వెళ్ళి, మాస్టారికి కాఫీ ఇచ్చి, తను తాగకుండా తిరిగొచ్చింది. స్కూటీ ఆగగానే తబిత కంటే ముందు తను వీధిలోకి వెళ్ళింది. సత్యవాణి వెంట సంఘంలో పెద్దమనిషి ఒకాయన కూడా వచ్చాడు, గౌన్ల మూట పట్టుకెళ్ళడానికి. కూరల బండి ఎదురుగానే ఉంది.

"అమ్మా, మీతో ఒక మాట. తబిత కరెంటు తీసుకోలేదు. వాడింది నేను. మా ఆయన అన్నది తప్పు. నాకు తెలిసి కూడా ఊరుకున్నాను."

సత్యవాణి ఇబ్బందిగా నవ్వింది. మర్యాదస్తురాలు. ఇంటిగలావిడ వీధిలో నిలబడి అలా మాట్లాడటం ఆవిడకి ఎబ్బెట్టుగా తోచింది. వసారాలో మాస్టారు లేచి నిలబడ్డాడు. పెద్దమనిషి చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. "సరేలెండి అమ్మగారూ, తెలిసింది కదా. ఇప్పుడివన్నీ వీధిలో ఎందుకులెండి. పెద్దవారు మీరు," అని సత్యవాణి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

సీతారామలక్ష్మికి ప్రాణం లేచి వచ్చింది. అంతటితో అయిపోయినట్టే.

"చెప్పనివ్వండి సత్యవాణమ్మగారూ." తబిత గుమ్మంలో నిలబడి ఉంది, చేతుల నిండా తెల్ల గౌన్లతో. ఈ నాలుగేళ్ళలో ఆ వీధి ఆవిడ గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. "నన్ను దొంగ అన్నది వీధిలోనేనండి. మొత్తం చెప్పనివ్వండి."

కూరలవాడు తక్కెడ దించాడు. సీతారామలక్ష్మి సత్యవాణి చేతిలోంచి తన చెయ్యి తీసుకుని, గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా మొదటినుంచీ చెప్పింది.